ఉప్పుటేరు అవతల ఇల్లు: ఒక్క గది బరువుగా, మిగతాది తేలికగా

అమ్మా, మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెప్పి, తరువాత సమాధానానికి వస్తాను. మీరూ మీ వారూ హైదరాబాదులో ఉద్యోగాలు మానుకొని, శ్రీకాకుళం తీరంలో ఉప్పుటేరుకు అవతల ఉన్న మీ అత్తవారి దిబ్బ మీద ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నారు. ఒక వైపు సముద్రం, మిగిలిన వైపులా ఏరు. వంతెన లేదు, నాటుపడవే దారి. 600 చదరపు అడుగుల శ్లాబు ఇంటిని, చేతనైనంత పని ఇద్దరూ చేతులారా చేసుకుంటూ కట్టాలన్నది మీ కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి, దేంట్లో ఆదా చేయవచ్చు, ఇప్పుడున్న తాటాకు పాకను పడగొట్టాలా అన్నవి మీ ప్రశ్నలు. టెక్కలి, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు వైపు ముప్ఫయ్యేళ్లకు పైగా కట్టడాలు చేయించినవాడిని కాబట్టి, ఆ నేల మీద నేను చేసిన తప్పులతో సహా చెప్తాను.

ప్లాను గీయించే ముందు బరువు లెక్క వేయండి. రోడ్డు పక్కన ఇల్లు కట్టేవాడికి ఈ లెక్కతో పని లేదు, లారీ వచ్చి గుమ్మం ముందు పోసి పోతుంది. మీకు మాత్రం ప్రతి ఇటుకా పడవెక్కి దిగాలి. 600 చదరపు అడుగుల శ్లాబు ఇంటికి మామూలుగా సుమారు 240 బస్తాల సిమెంటు పడుతుంది, అది 12 టన్నులు. ఇసుక 10 యూనిట్ల దాకా కావాలి. యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, దాని బరువు నాలుగున్నర టన్నులు, కాబట్టి ఇసుక ఒక్కటే 45 టన్నులు. చిప్స్, కంకర కలిపి 8 యూనిట్లు, అంటే 35 టన్నులకు అటూ ఇటూ. ఇటుకలు తొమ్మిది వేలు అనుకుంటే, ఒక్కొక్కటి మూడు కిలోల చొప్పున 27 టన్నులు. ఇనుము రెండు టన్నులు దాటుతుంది. మొత్తం 120 టన్నులు. టన్ను మోసే పడవకు నూట ఇరవై దఫాలు. లారీ నుంచి పడవకు ఎత్తడం ఒకసారి, పడవ నుంచి గట్టుకు దించడం ఒకసారి, గట్టు నుంచి స్థలానికి మోయడం ఇంకొకసారి. అంటే ఒకే బరువుకు మూడు కూలీలు. మీరు దాచుకున్న డబ్బు గోడల్లోకి కాదు, ఏట్లోకి పోతుంది.

అలాగని మొత్తం ఇల్లు తేలిక చేద్దామంటే మన తీరంలో గాలి ఊరుకోదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది, విసురులు 165 దాకా వెళ్లాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఏమయ్యాయో మీ అత్తవారిని అడిగితే చెప్తారు. మన తూర్పు తీరంలో విశాఖపట్నం వంటి చోట్లకు ఇంజనీర్లు లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలంతో నెడుతుంది, కప్పు మీద అయితే పైకి లాగుతుంది. ఇప్పుడు కప్పుల బరువులు చూడండి. నాలుగంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు ఉంటుంది. మంగళూరు పెంకు కప్పు, వాసాలూ పట్టీలూ కలిపినా, 65 కిలోలు. సిమెంటు రేకు 16 కిలోల దగ్గర ఉంటుంది, ఇనుప రేకు ఇంకా తక్కువ. శ్లాబును గాలి ఎత్తలేదు. పెంకుల కప్పును, కింద గట్టిగా కట్టి ఉంచకపోతే, ఎత్తుతుంది. రేకు సంగతి తిత్లీ మరునాడు పొలాల్లో పడి ఉన్న వాటిని చూసినవారికి చెప్పనక్కరలేదు.

మన పాత మత్స్యకార గ్రామాల్లో చుట్టిళ్లు ఎందుకు కట్టేవారో ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుండ్రంగా ఉండటం వల్ల గాలికి ఎదురు నిలిచే చదునైన గోడ ఉండదు, ఒరుసుకుపోతుంది. కప్పు ఏటవాలుగా దాదాపు నేల దాకా దిగడం వల్ల చూరు కింద గాలి దూరడానికి సందు ఉండదు. ఆ ఇంటిని మీరు ఇప్పుడు కట్టుకోనక్కరలేదు గానీ, అందులోని తెలివిని వదులుకోకూడదు.

అందుకే నా సలహా ఇది. 600 చదరపు అడుగులకూ శ్లాబు వేయకండి. పన్నెండు అడుగుల చదరం గది ఒకటి, దానికి ఆనుకొని స్నానాలగది, ఈ రెండింటికే కాంక్రీటు స్తంభాలు, బీములు, శ్లాబు వేయండి. తుపాను రాత్రి మీరిద్దరూ, అత్తమామలూ, వీలైతే పక్కింటివారూ తలదాచుకునేది ఆ గదిలోనే. దాని చుట్టూ నట్టిల్లు, వంటిల్లు, వసారా పెంకుల కప్పు కింద ఉండనివ్వండి. అలా చేస్తే దాటించవలసిన బరువు 120 టన్నుల నుంచి 70కి దిగుతుంది. పెంకులు గాలికి పోయినా ఇల్లు పోదు, పెంకులు మళ్లీ కప్పుకోవచ్చు. పైగా ఇంత చిన్న శ్లాబు పోయడానికి పదిహేను బస్తాల లోపు సిమెంటు చాలు, ఊరివారు నలుగురు చేయివేస్తే ఒక పూటలో ముగుస్తుంది. 600 అడుగుల శ్లాబును ఏటి అవతల ఒకే రోజున, మధ్యలో అతుకు పడకుండా పోయించడం మాత్రం పెద్ద మేస్త్రీకి కూడా పరీక్షే.

పెంకుల భాగానికి మూడు షరతులున్నాయి. కప్పు రెండు వాలులుగా కాక నాలుగు వాలులుగా ఉండాలి, వాలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, చూరు గోడ దాటి అడుగున్నరకు మించి బయటికి రాకూడదు. గోడల తలమీద చుట్టూ కాంక్రీటు పట్టీ పోయించి, అది ఆరకముందే అందులో ఇనుప బోల్టులు నిలిపి, దూలాన్ని వాటితో బిగించాలి. ఒట్టి మేకులతో సరిపెట్టనివ్వకండి. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా దించండి, ఎందుకంటే గాలి మొదట పట్టుకునేది వసారానే, అది పోయేటప్పుడు మిగతా కప్పును వెంట లాక్కుపోకూడదు. వాసాలకు చేవ దేరిన తాటి అయితే మంచిది, మీ దిబ్బ మీదే దొరుకుతుంది కాబట్టి దానికి పడవ కూలీ లేదు.

అనుమతి గురించి క్లుప్తంగా చెప్తాను, కానీ పని వరుసలో మాత్రం ఇదే మొదటిది. సీఆర్‌జెడ్ అని అందరూ పిలిచే తీరప్రాంత నిబంధనల 2019 ప్రకటన ప్రకారం, ఉప్పుటేర్ల లోపలి దీవుల్లోనూ తీరాన్ని ఆనుకొన్న దీవుల్లోనూ పోటురేఖ, అంటే నిండు పోటుకు నీరు చేరే గీత, నుంచి 20 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, స్థానికుల పాత ఇళ్లను బాగుచేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. మీ దిబ్బను పటంలో దీవిగా కాక తీరంలో భాగంగా చూపి ఉంటే, జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామాలకు సముద్రం వైపు 200 మీటర్ల దాకా నిషేధం వర్తిస్తుంది. ఏ పటం అమలులో ఉందో, మీ స్థలం అందులో ఎక్కడ పడుతుందో పంచాయతీ కార్యదర్శి ద్వారా రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాట మీద ఒక్క పడవ సామాను కూడా దాటించకండి.

ఇక ఉప్పు. గాలి ఇంటిని ఒక్క రాత్రిలో పడగొడితే ఉప్పు పదేళ్లలో పడగొడుతుంది, రెండోదే ఎక్కువ మందికి జరుగుతుంది. నాకూ జరిగింది. ఏటి గట్టున నేను నా కోసం కట్టుకున్న మొదటి ఇంటికి, మంచినీళ్లు దూరం నుంచి మోయాలని బద్ధకించి, శ్లాబును ఉప్పుటేటి నీళ్లతోనే తడిపించాను. కలిపేటప్పుడు మంచినీళ్లే వాడాం కదా, తడపడానికి ఏవైతేనేం అనుకున్నాను. ఎనిమిదో ఏడు వచ్చేసరికి శ్లాబు అడుగున చువ్వల వెంబడి చీలికలు కనిపించాయి, పదో ఏట పెచ్చులూడి కంచంలో పడ్డాయి. మా ఇంటావిడ ఆ మాట ఇప్పటికీ మరిచిపోనివ్వదు.

దాని వెనుక జరిగేది ఇది. మంచి కాంక్రీటులో ఉండే క్షారగుణం వల్ల ఇనుప చువ్వ చుట్టూ ఒక సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పుకు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది లోపలి నుంచి కాంక్రీటును చీల్చుకొని బయటికి వస్తుంది. పైన ఎంత రంగు వేసినా ఆగదు. అందువల్ల కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం తీరప్రాంతపు కాంక్రీటును తీవ్ర పరిస్థితుల్లో ఉన్నదిగా లెక్కించి, కనీసం ఎం 30 రకం కాంక్రీటు (ఎం పక్కన సంఖ్య పెరిగేకొద్దీ బలం ఎక్కువ), చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పి ఉండే కాంక్రీటు మందం, సిమెంటు బరువులో 0.45 వంతుకు మించని నీరు ఉండాలని చెప్తుంది. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట ఎం 35, 50 మిల్లీమీటర్లు. మామూలుగా మన ఊళ్లలో శ్లాబు అడుగున ఉంచే కవరు ముప్పావు అంగుళం. మేస్త్రీ మిమ్మల్ని చూసి నవ్వి, "ఏటవుద్దమ్మా, ఇన్నాళ్లూ ఇలాగే కట్టలేదేటి" అంటాడు. ఇన్నాళ్లూ ఆయన కట్టినవాటిలో ఎన్ని సముద్రానికి ఇంత దగ్గర ఉన్నాయో, అవి ఇప్పుడు ఎలా ఉన్నాయో చూపించమనండి.

ఎం 30 అన్నది గమేళాల లెక్కన వచ్చేది కాదు. సిమెంటు, ఇసుక, చిప్స్ 1:2:4 పాళ్లలో కలిపితే ఎం 15, 1:1½:3 పాళ్లలో కలిపితే ఎం 20 దగ్గర ఆగిపోతుంది. మీరు కొనబోయే ఇసుక, చిప్స్, సిమెంటు కొంచెం కొంచెం తీసుకెళ్లి ఏదైనా పరీక్షశాలలో పాళ్లు నిర్ణయింపజేసుకోండి, దానిని ఒక బస్తా సిమెంటుకు ఎన్ని కొలత పెట్టెలు అన్న లెక్కలోకి మార్చి రాయించుకోండి. 0.45 అంటే బస్తాకు 22 లీటర్ల చిల్లర నీరు, ఇసుకలో ఉన్న తడిని కూడా కలుపుకొని. అంత గట్టిగా ఉన్న కాంక్రీటు పారదు, కూలీలు చాటుగా నీళ్లు పోస్తారు. అందుకే పలుచబరిచే ద్రవాన్ని పరీక్షశాల చెప్పిన మోతాదులో కలపాలి, వైబ్రేటరు ఆడించాలి. నీళ్ల బకెట్టు దగ్గర మీ ఇద్దరిలో ఒకరు నిలబడాలి. ఇది చిన్న పని కాదు, ఆ రోజుకు అన్నిటికన్నా పెద్ద పని. సిమెంటు విషయంలో మీకు స్లాగు సిమెంటు (ఇనుప కొలిమి చిట్టెం పొడి కలిపినది) దొరికితే అదే తీసుకోండి, ఉప్పును అది బాగా అడ్డుకుంటుంది. అయితే దానిని ఎక్కువ రోజులు, కనీసం రెండు వారాలు, తడుపుతూ ఉండాలి.

మీ దిబ్బ నిండా ఇసుకే ఉంది, దానిని వదిలి వంశధార ఇసుకను పడవలో తేవడం పిచ్చిపనిలా అనిపిస్తుంది. అనిపించినా సరే, కాంక్రీటులోకీ ఇటుక కట్టుబడిలోకీ పూతలోకీ దిబ్బ ఇసుక రానివ్వకండి. అరుగు కింద నింపడానికి మాత్రం నిశ్చింతగా వాడుకోండి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి అప్పుడు గచ్చు వేస్తే చెమ్మ పైకి పాకదు. నీటికీ ఇదే నియమం. ఇనుము ఉన్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నాలుకకు ఉప్పదనం తగిలితే ఆ నీరు వద్దు. తగలకపోయినా ఒకసారి పరీక్ష చేయించండి.

ఇనుమును అన్నిటికన్నా చివర దాటించండి. నలభై అడుగుల చువ్వలు నాటుపడవలో పట్టవు, మడిచి తెచ్చి మళ్లీ సాగదీయించకండి. డ్రాయింగు ప్రకారం ఇవతలి గట్టునే కోయించి, రింగులు వంచించి, కట్టలు కట్టి, పట్టా కప్పి తీసుకెళ్లండి. దిబ్బ మీద నెలల తరబడి ఉప్పుగాలికి పడి ఉన్న చువ్వను గోనెపట్టాతో తుడిచి వాడటం నేను చాలాచోట్ల చూశాను. సిమెంటు కూడా ముందే తెచ్చి నిల్వ పెట్టకండి. మూడు నెలలు దాటిన బస్తా సుమారు ఐదోవంతు బలం పోగొట్టుకుంటుంది, ఆ చెమ్మగాలిలో ఇంకా త్వరగా. నేలకు ఆరంగుళాల ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది బస్తాలకు మించకుండా పేర్చాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మన పంచాంగమే మీకు తేల్చి పెట్టింది. పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు. అప్పుడు ఏరు నిమ్మళంగా ఉంటుంది, కోతలు ముగిసి కూలీలు దొరుకుతారు. ఇటుక, ఇసుక, చిప్స్ ఆ నెలలో దాటించండి. మాఘంలో శంకుస్థాపన, ఉగాదికి ముందు శ్లాబు, రోహిణి కార్తె ఎండలకు తడుపుడు అయిపోయి ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి మరపడవల మీద బతికేవారు ఖాళీగా ఉంటారు. కప్పు పని, కట్టుబడి పని వారితో చేయించుకుంటే మీకు మనుషులు దొరుకుతారు, వారికి కూలి దొరుకుతుంది. వానలు పట్టేలోగా పెంకు పడకపోతే ఆ ఏడాదికి ఆపేయండి, అక్టోబరు, నవంబరు నెలల్లో సగం కప్పుతో ఇల్లు ఉండటం అసలు కప్పు లేకపోవడం కన్నా ప్రమాదం.

పడవవారితో బేరం రోజు లెక్కన కాక దఫా లెక్కన కుదుర్చుకోండి, అయితే వేళ మాత్రం వారు చెప్పినట్టే వినండి. నిండు పోటుకు కొంచెం ముందు బయలుదేరితే బరువు పడవ గట్టు దాకా వస్తుంది. పాటు తీసేటప్పుడు బయలుదేరితే బురదలో దిగబడి, ఇటుకలు నడుంలోతు నీళ్లలో మోయవలసి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎత్తుగా ఉంటుంది, అష్టమి దగ్గర తక్కువ. పోటు వేళ రోజుకు ముప్పావు గంట పైగా ఆలస్యమవుతూ పోతుంది. ఈ లెక్క వారికి నోటికి వచ్చు. ఆ పడవే ఊరి బడిపిల్లలకూ గర్భిణులకూ దారి అన్నది మరిచిపోకండి. ఉదయం బడి వేళలో మీ ఇసుక కోసం దానిని ఆపితే, రేపు శ్లాబు రోజున మీకు చేయి వేసేవారు ఉండరు.

మీరిద్దరూ చేతులతో చేయగల పనులు మీరు అనుకుంటున్నవి కాకపోవచ్చు. ఇటుక కట్టుబడి నేర్చుకుంటామన్నారు. వద్దు, తాపీ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. దానికి బదులు కవర్ బ్లాకులు, అంటే చువ్వలను అచ్చు చెక్కకు తగలకుండా ఎత్తి ఉంచే కాంక్రీటు బిళ్లలు, మీరే పోయండి. 45 మిల్లీమీటర్ల మందాన, శ్లాబుకు వాడబోయే పాళ్లతోనే, మధ్యలో బైండింగ్ వైరు గుచ్చి, నెల ముందే పోసి నీళ్లలో నానబెట్టండి. మూడు నాలుగు వందలు కావాలి. అవి సిద్ధంగా లేకపోతే మేస్త్రీ చువ్వల కింద రాతిముక్కలు పెడతాడు, మీరు పెట్టిన ఎం 30 ఖర్చంతా ఆ రాతిముక్కల దగ్గర వృథా అవుతుంది. ఇసుక జల్లించడం, ఇటుకలు నానబెట్టడం, శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం, స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి రోజుకు నాలుగుసార్లు తడపడం, సామాను లెక్క రాయడం, ఇవన్నీ మీవి. కూలి మనిషి చేస్తే తేడా వచ్చేవీ, సొంతదారు చేస్తే ఇల్లు నిలిచేవీ ఇవే.

పునాది సంగతి నేలను బట్టి ఉంటుంది. ఇసుక నేల అయితే బరువుకు భయం లేదు, నీరు కోసుకుపోవడానికే భయం. కాబట్టి గోతులు లోతుగా తీసి, అంచులు కూలకుండా పలకలు కొట్టి, తీసిన రోజునే అడుగున బెడ్ కాంక్రీటు వేసేయాలి. స్తంభాలన్నిటినీ అరుగు మట్టంలో ప్లింత్ బీముతో కట్టిపడేయాలి. స్తంభం కింద ఉండే పాదానికి, అంటే ఫుటింగుకు, కవరు 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఏటి వైపు బురద తగిలితే ఈ సమాధానం చాలదు, ఇంజనీరును తీసుకెళ్లి చూపించండి. అరుగు ఎత్తు ఎంతన్నది ఊరి పెద్దలను అడగండి. వారి ఎరికలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఏ చెట్టు మొదలు దగ్గరో చూపిస్తారు, దానికి మూడడుగులు పైన గచ్చు ఉంచుకోండి.

బోరు వేయించాలని ఉందన్నారు. లోతు బోరు వేస్తే ఉప్పునీరే వస్తుంది. ఇసుక దిబ్బల కింద వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీరు ఉన్నట్టు లెక్క. అంటే మోటారుతో తోడి పై మట్టాన్ని ఒక అడుగు దించితే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి ఎక్కుతుంది. అందుకే సిమెంటు ఒరలతో లోతు తక్కువ బావి తవ్వించి, చేదతోనో చిన్న పంపుతోనో నిదానంగా తోడుకోవాలి. మరుగుదొడ్డి గోతులు బావికి కనీసం యాభై అడుగుల దూరంలో, అరుగు ఎత్తుకు లేపి, చుట్టూ అడుగున్నర మందాన సన్న ఇసుక నింపి కట్టించండి. కప్పు మీది వాననీటిని కూడా వదులుకోకండి: మన జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది కాబట్టి, 50 చదరపు మీటర్ల కప్పు నుంచి, ఐదోవంతు పోయినా, 40 వేల లీటర్లు వస్తాయి. కట్టే రోజుల్లో తడుపుడుకు నీళ్లు మోయలేక నాలాగా తప్పు చేయకుండా ఉండాలంటే, బావిని పునాది కన్నా ముందే తవ్వించండి.

పాక మాటకు వస్తే, దానిని పడగొట్టకండి. ముందు దాని ఆకు మార్పించండి, పని నడిచేటప్పుడు సిమెంటు బస్తాలు ఉండేది అందులోనే. శ్లాబు పోసి 28 రోజులు నిండి, పెంకు పడి, తలుపులు బిగించాక అప్పుడు ఆలోచించుకోవచ్చు. నా లెక్కలో అప్పుడు కూడా ఉంచుకుంటారు, ఎందుకంటే మే నెల మధ్యాహ్నం ఆ శ్లాబు గదిలో కూర్చోలేరు.